ఇరవై ఒక్క సెకన్లు

హెడ్‌ఫోను దిండ్లు రెండింటినీ తడిబట్టతో తుడిచి, ఎడమదాన్ని ఇంకో రెండుసార్లు తుడిచి, చెవులాయన వాటిని కిటికీ గట్టు మీద ఆరబెట్టాడు. పనంతా ఎడమచెవిదే. కుడిచెవి పదేళ్ళ క్రితమే పదవీ విరమణ చేసింది. ఈ సంగతి దుకాణంలో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. దుకాణంలో ఆయన కాక ఉన్నది యజమానురాలు ఒక్కతే, ఆవిడకి తెలుసు. తను ఎప్పుడూ ఆయన ఎడమవైపే ఉండేలా ఆవిడ తన కుర్చీ జరుపుకుని అయిదేళ్ళయింది.

చెవులాయన అనే పేరు మొదట చెవుల సైజును చూసి వచ్చింది. పనితనం తర్వాత మెల్లగా వచ్చి ఆ పేరుకి న్యాయం చేసింది. అరవై రెండేళ్ళ బక్కపల్చటి మనిషి. చొక్కా జేబులో బొటనవేలంత పెన్సిలు ముక్క. అది అరిగిపోతే అంతే పొడవున్న ఇంకో ముక్క ఎక్కడినుంచి వస్తుందో, కొత్త పెన్సిలు ఆయన చేతిలో ఎవరూ చూడలేదు.

తాళాలు బాగుచేసే కొట్టు పైన, పద్నాలుగు మెట్లు ఎక్కితే ఆ గది. మూడో మెట్టు కదులుతుంది. గోడలకి అతికించిన స్పాంజి మూలల్లో ఊడి వేలాడుతుంది. పని జరుగుతున్నంతసేపూ ఫ్యాను ఆపేస్తారు కనుక గోడ మీద క్యాలెండరు కూడా కదలదు. పాత క్యాసెట్లు, టేపు చుట్టలు తెచ్చిన వాళ్ళకి వాటిలోని శబ్దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి ఇవ్వడం ఒక పని. తెరుచుకోని శబ్దపు ఫైళ్ళని తెరిచి ఇవ్వడం రెండోది. ఇప్పుడు రెండోదే ఎక్కువ.

"బాబాయ్, లాయరుగారి ఫైలు చూశావా? వేవ్ ఫైలే అంటున్నాడు, తెరుచుకోవట్లేదంటున్నాడు, పొద్దున్నే మూడుసార్లు ఫోను," అంది యజమానురాలు. ఈ దుకాణం పెట్టిన పెద్దాయన కూతురు ఆవిడ. చిన్నప్పుడు ఈ బల్ల కిందే కూర్చుని పాఠాలు చదువుకుంది. ముప్పై అయిదు దాటినా ఆయనకి 'అమ్మాయ్'.

చెవులాయన ఫైలుని వినలేదు. ముందు దాని పొట్ట విప్పి మొదటి నాలుగు అక్షరాలు చూశాడు. అది ఆయన అలవాటు. వేవ్ ఫైలు ఏదైనా ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అని మొదలవ్వాలి. ఇందులో ఆ అక్షరాలు లేవు.

"వేవూ కాదు, గీవూ కాదు. కుదించిన ఫైలుకి వేవ్ అని పేరు పెట్టి పంపాడు. చొక్కా మార్చుకుని వస్తే గుర్తుపట్టమనుకున్నాడు."

"అది నీ మాటల్లోనే చెప్పమంటావా ఆయనకి?"

"చొక్కా సంగతి వద్దులే. నిమిషానికి పది మెగాబైట్లు ఉండాల్సింది ఒకటే ఉంది, మిగతా తొమ్మిదీ ఎవరో ముందే పారేశారు, మేం తిరిగి తేలేం అని చెప్పు."

ఆయన లోకాన్ని అలాగే తూచేవాడు. కుదించని శబ్దం, అంటే వేవ్, ఉన్నది ఉన్నట్టు. సెకనుని వేల ముక్కలుగా కోసి, ఒక్క ముక్కా పారేయకుండా వరసగా పేర్చడం. బరువు ఎక్కువ, మోసం లేదు. కుదించినది తేలిక, జేబులో పడుతుంది, కానీ ఏం తీసేశారో ఎవరూ చెప్పరు. తేలికగా ఉన్నదాని మీద ఆయనకి కోపం లేదు. దాన్ని పూర్తి సరుకని చెప్పుకోవడం మీదే కోపం.

ఇంకో పట్టింపు ఉంది. పాత రికార్డింగుల వెనక సన్నగా ఒక మోత ఉంటుంది, కరెంటు మోత, సెకనుకి యాభైసార్లు. కొనేవాళ్ళకి అది నచ్చదు. యజమానురాలు ఒక్క మీట నొక్కి దాన్ని తుడిచేయగలదు. గిరాకీదారుకి మోత తీసిన ప్రతిని ఇవ్వు, మోతతో ఉన్నది మాత్రం మన దగ్గర ఉండాలి అని ఆయన పట్టుబట్టేవాడు.

"చోటు దండగ బాబాయ్," అని ఆవిడ ఇవాళ కూడా అంది.

"అది తూకపురాయి అమ్మాయ్. రాయి పారేసి తక్కెడ దాచుకుంటావా?"

ఆవిడ నవ్వేసి ఫోనందుకుంది. ఆ మాట వెయ్యిసార్లు విన్నది కానీ ఆ రాయితో తూచడం ఒక్కసారీ చూడలేదు.

పదకొండు గంటలకి మూడో మెట్టు కిర్రుమంది. ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్ళ స్త్రీ లోపలికి వచ్చింది. వేళ్ళ చివర్లలో తెల్లటి పొడి. చేతిసంచిలోంచి ఒక సీడీ తీసి బల్ల మీద పెట్టింది.

"కళ్ళద్దాల కొట్లో పనిచేస్తానండి, అద్దాలు సాన పడతాను. చేతులు కడుక్కునే వచ్చాను, అయినా ఇది పోదు," అంది ముందే. "ఇందులో మా అమ్మ గొంతు ఉంది. ఫోనులో వినేలా చేసివ్వాలి."

చెవులాయన సీడీని అంచులతో పట్టుకుని తిప్పి చూశాడు. దాని మీద నల్ల సిరాతో కుడివైపుకి వాలిన అంకె, యాభై ఏడు. ఆ వాలు ఆయనకి తెలుసు. అది తన చెయ్యి.

"ఇది ఎప్పుడు చేయించారమ్మా?"

"నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న చేయించాడండి. ఇరవై ఆరేళ్ళయింది. అమ్మ పోయింది నాకు మూడేళ్ళప్పుడు. క్యాసెట్టు పాడైపోతుందని ఇలా మార్పించాడు. ఇంట్లో తెరుచుకోకపోతే మావయ్య తన కంప్యూటర్లో పెట్టి చూశాడు. అది ఏవేవో అడిగిందట, ఈయన ఏవో నొక్కాడట, గొంతు వచ్చింది. అప్పట్నుంచీ ఆ కంప్యూటర్లోనే వినేదాన్ని. మొన్న అది కాస్తా పోయింది."

అడిగిందట. అడగక ఏం చేస్తుంది? చెవులాయన సీడీని ఇంకోసారి తిప్పి అంకె చూశాడు.

వేవ్ ఫైలు ముందు భాగంలో నలభై నాలుగు బైట్లు ఉంటాయి. వాటిలో శబ్దం ఉండదు, శబ్దం గురించిన చీటీ ఉంటుంది. సెకనుకి ఎన్ని ముక్కలు, ఒక్కో ముక్క ఎంత లావు, గొంతు ఒక దారిలో వస్తుందా రెండు దారుల్లోనా, ఇలాంటివి. ఆ చీటీ చూసే కంప్యూటరు ఎలా వినిపించాలో తెలుసుకుంటుంది. దుకాణం తెరిచిన మొదటి ఏడాది, ముప్పై ఆరేళ్ళ వయసులో, చెవులాయనకి ఒక పట్టుదల ఉండేది. ఫైలులో శబ్దం కానిది ఒక్క బైటు కూడా ఉండకూడదు. శబ్దం కోసం వచ్చిన వాళ్ళకి శబ్దమే ఇవ్వాలి, అందులో ఈ కాగితపు చెత్త ఎందుకు? అలా చీటీ కత్తిరించి పారేసి, ఉత్త ముక్కల వరస మాత్రం సీడీలకి ఎక్కించాడు. ఎప్పుడు తెరవాలన్నా తెరిచేది తనే కదా, తనకి గుర్తుండదా అనుకున్నాడు. అలా నూట నలభై ఒక్క సీడీలు అయ్యాక పెద్దాయన చూసి తిట్టాడు, అంతటితో ఆగింది. వాటి జోడు ప్రతులు ఇప్పటికీ కింది బీరువాలో ఉన్నాయి. బాగుచేయాలని అనుకుంటూనే ఉన్నాడు. పట్టుకెళ్ళిన వాళ్ళు తిరిగి రాలేదు. తిరిగి రాలేదంటే బాగానే ఉందన్నమాట అని వ్యాపారంలో అందరూ వేసుకునే లెక్కే తనూ వేసుకున్నాడు.

సీడీని లోపలికి తోశాడు. ఎలా తెరవాలో చెప్పమని కంప్యూటరు అడిగింది. మావయ్య నొక్కి ఉండేదే నొక్కాడు. సీడీ పాటలన్నిటికీ సెకనుకి నలభై నాలుగువేల వంద ముక్కలు. ఎవరైనా మొదట నొక్కేది అదే. స్పీకర్లో ఒక స్త్రీ గొంతు వచ్చింది. మెల్లగా, బరువుగా, కాస్త కింది స్థాయిలో. మధ్యలో ఒక పాప గొంతు, "ఇంకోటి, ఇంకోటి." బల్ల మీద గుండీల లాంటివేవో పెడుతున్న చప్పుడు. "ఇంకోటి ఎక్కడుంది... అయిపోయాయమ్మా..." తర్వాత పొడుగ్గా ఒక నిట్టూర్పు.

"ఇదే, ఇదేనండి!" అంది ఆమె. ఆమె పెదవులు తల్లి మాటలకి ఒక అర క్షణం ముందే కదులుతున్నాయి.

చెవులాయన తెర మీద గీతల్ని చూస్తున్నాడు. గొంతుల కింద, అడుగున, కరెంటు మోత సన్నటి గీతలా ఉంది. యాభై దగ్గర ఉండాలి. నలభై ఆరు దగ్గర ఉంది.

ఫైలు బరువు చూశాడు. పెన్సిలు తీసి ఒక రసీదు వెనక భాగహారం చేశాడు. సెకనుకి నలభై ఎనిమిదివేల ముక్కలైతే సరిగ్గా నాలుగు నిమిషాలు, ఒక్క ముక్క అటూ ఇటూ లేదు. ఆ రోజుల్లో ఆయనకి నిమిషాల లెక్కన కోసే అలవాటు. సందేహం లేదు. ఇన్నేళ్ళుగా ఈ అమ్మాయి వింటున్నది ఈడ్చి పాడు చేసిన గొంతు.

ఆయన ముందు రెండు దారులున్నాయి. ఉన్నది ఉన్నట్టే భద్రం చేసి ఇస్తే రెండు నిమిషాల పని. ఆమె సంతోషంగా వెళ్ళిపోతుంది. తప్పు ఎవరిదో ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆయన వేలు దాదాపు మీట మీదకి వెళ్ళింది.

"పాపం అప్పటికే ఓపిక లేదు కదా," అంది ఆమె, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "విన్నారుగా, ఎంత అలసిపోయిందో. జబ్బు బయటపడలేదంతే. నేనేమో ఇంకోటి ఇంకోటి అని ప్రాణం తీస్తున్నాను. నా పిల్లలు విసిగిస్తే నేను ఒక్క మాట అననండి. దీని వల్లే."

చెవులాయన వేలు వెనక్కి తీశాడు.

"అమ్మా, ఆవిడ అలా మాట్లాడలేదు."

"అంటే?"

"మీ కొట్లో అద్దం సాన పట్టి, పవరు రాసిన చీటీ పారేశారనుకోండి. తీసుకెళ్ళినాయన తనకి తోచిన వాళ్ళకి పెడతాడు. కనిపిస్తుంది. కానీ నిజంగా ఉన్నట్టు కనిపించదు. ఇది అలాంటిదే. చీటీ పారేసింది నేనే. ఆ అంకె నా చేతి రాత." కొంచెం ఆగి, "అప్పుడు అదేదో గొప్ప అనుకున్నాను," అన్నాడు.

యజమానురాలు ఫోను కింద పెట్టేసింది.

"ఇరవై ఆరేళ్ళుగా వింటున్నానండి నేను," అంది ఆమె. "మా అమ్మ గొంతు నాకు తెలియదంటారా?"

"నాకంటే మీకే తెలుసు. ఒక్కసారి వినండి. నచ్చకపోతే పాతదే ఇస్తాను, మారుమాట్లాడను."

అంకె మార్చాడు. అడుగు గీత కదిలి వచ్చి యాభై మీద కూర్చుంది.

అదే గది, అదే గుండీల చప్పుడు. కానీ ఇప్పుడు గొంతు పైకి లేచింది. వయసులో ఉన్న అమ్మాయి గొంతు, గలగలమంటూ, మాట మీద మాట పడుతూ. "ఇంకోటా? ఇంకోటి ఎక్కడుంది? అయిపోయాయమ్మా!" అని గుప్పిట్లో దాచుకున్న మనిషి అనే తీరులో. పాప గుప్పిట విప్పదీస్తున్న పెనుగులాట. నిట్టూర్పు అనుకున్నది నిట్టూర్పు కాదు. పళ్ళ మధ్య బిగపట్టినా ఆగక బయటపడిన నవ్వు.

ఆమె పెదవులు ఈసారి తల్లి మాటల్ని అందుకోలేక వెనకబడ్డాయి, తర్వాత ఆగిపోయాయి. తెల్లపొడి వేళ్ళతో చెంప తుడుచుకుంది. చెంప మీద చార పడింది.

"ఆడుకుంటోంది," అంది.

"అవునమ్మా."

"నన్ను ఏడిపిస్తోంది. కావాలనే."

"దాచింది ఎడమచేతిలో అనుకుంటా, చప్పుడు అటునుంచి వచ్చింది," అన్నాడు చెవులాయన. ఒక్క దారిలో వచ్చే గొంతులో ఎడమా కుడీ ఉండవని యజమానురాలికి తెలుసు. ఆయన ఒక్క బైటైనా ఎక్కువ చెప్పడం ఆవిడ వినడం అదే మొదటిసారి.

ఆమె తెర కేసి చూసింది. "ఇది నాలుగు నిమిషాలే ఉంది. నాది నాలుగు నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు."

"అవునమ్మా. వేగం సరయితే నిడివి తగ్గుతుంది."

"మా అమ్మ నాకున్నదే అంత. అందులో ఇరవై ఒక్క సెకన్లు తీసేస్తారా?"

చెవులాయన ఈ లెక్క ముందు ఎప్పుడూ నిలబడలేదు. పెన్సిలు ముక్కని బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు.

"ఆ ఇరవై ఒక్కటీ ఆవిడవి కావు. నా తప్పు అంత పొడుగుంది, అంతే."

"ఉండనివ్వండి," అంది ఆమె. "రెండూ ఇవ్వండి. అలసిపోయిన అమ్మే నన్ను పెంచింది కదా, ఇప్పుడు ఆవిణ్ణి వెళ్ళగొట్టమంటే ఎలా?"

రెండూ ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు. ఈసారి రెండింటికీ నలభై నాలుగు బైట్లూ పెట్టి, సరిగ్గా ఉన్నాయో లేదో మూడుసార్లు చూసుకున్నాడు. సీడీ కవరు మీద కాగితపు చీటీ కూడా అతికించాడు.

"మేం తప్పు పవరు ఇస్తే మర్నాడే వచ్చి కొట్టు ముందు రచ్చ చేస్తారండి," అంది ఆమె సంచి భుజానికి తగిలించుకుంటూ. "నాకు ఇరవై ఆరేళ్ళు పట్టింది." అని పళ్ళ మధ్య బిగపట్టబోయి, ఆగక నవ్వేసింది. చెవులాయన తల ఎడమవైపుకి ఒరిగింది. ఆ నవ్వు ఇందాకే విన్నాడు.

ఆమె మెట్లు దిగింది. మూడో మెట్టు కిర్రుమనడానికి చాలాసేపు పట్టింది. మెట్ల మీదే నిలబడి మళ్ళీ వింటున్నట్టుంది.

మధ్యాహ్నం చెవులాయన కింది బీరువా ముందు గొంతుక్కూర్చున్నాడు. దుమ్ముకి తుమ్ములు. డబ్బాలు ఒక్కొక్కటీ బల్ల మీదకి చేరాయి.

"ఇవాళేం తిక్క పుట్టింది బాబాయ్ నీకు?"

"నూట నలభై. ఒకటి అయింది."

"అన్నీ ఇవాళే?"

"మొదలుపెడితేనే కదా తరిగేది. ఇలా రా, కూర్చో. ఆ మీట నొక్కి తుడిచేస్తావే, ఆ మోత, అది ఇప్పుడు పనికొస్తుంది."

చూపించాడు. ముందు నోటికొచ్చిన వేగంతో తెరువు. వాన పడుతున్నట్టు హోరు వస్తే ఒక్కో ముక్కలోని బైట్లని వెనక కొసనుంచి చదువుతున్నావు, కొస మార్చు. గొంతు వచ్చాక వినకు, చూడు. మోత ఎక్కడ కూర్చుందో చూసి, యాభైని దాంతో భాగించి, ఆ లెక్కన వేగం మార్చు. ఆవిడ తప్పు భాగించింది, ఆయన విసుక్కున్నాడు, మళ్ళీ భాగించింది. ఒక్కో కవరు మీద నాలుగు గీతల చీటీ: సెకనుకి ఎన్ని ముక్కలు, ముక్క లావు, దారులు, ఏ కొస ముందు. రాసేది ఆయన.

"పెన్సిలుతో ఎందుకు, చెరిగిపోదూ?" అంది ఆవిడ.

"చెరగాలనే. నేను ఊహించి రాసేవాణ్ణి. మోత సాక్ష్యం చెప్పి, రెండోసారి లెక్క కట్టినా అదే అంకె వస్తే, అప్పుడు పెన్నుతో రాయొచ్చు."

"మరి ఇవన్నీ సాక్ష్యం ఉన్నవేగా? పెన్నుతో రాయి."

"నేను ఇంతకు ముందూ రూఢిగానే ఉన్నాను అమ్మాయ్. నూట నలభై ఒక్కసార్లు."

సాయంత్రానికి ఎనిమిది అయ్యాయి. ఒక సంగీతం మాస్టారి పాఠం, ఎవరిదో ఉపన్యాసం, ఒక ముసలాయన మనవడికి చెప్పిన దయ్యం కథ. కథలో దయ్యం సరైన వేగానికి వచ్చేసరికి ఎలుకలా కిచకిచమంది, ఇద్దరూ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత ఆయన గుండె మీద అరచేత్తో రుద్దుకుంటూ, "దుమ్ము," అన్నాడు.

"టీ తెస్తా, ఆగు," అని ఆవిడ కిందికి వెళ్ళింది.

ఆవిడ రెండు గ్లాసులతో వచ్చేసరికి చెవులాయన హెడ్‌ఫోను పెట్టుకుని, తల ఎడమవైపుకి వాల్చి, తెరకి ఎదురుగా ఉన్నాడు. వింటున్నాడు కదా అని ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, తాళాలాయన కింద ఏమన్నాడో చెప్పింది. లాయరు నాలుగోసారి ఫోను చేశాడని చెప్పింది. టీ చల్లారుతోందని చెప్పింది. అప్పుడు తెర చూసింది. ఫైలు ఎప్పుడో చివరికి వచ్చి ఆగిపోయి ఉంది. ఫైలు అయ్యాక హెడ్‌ఫోను తీయకుండా ఉండటం ఆయన అలవాటు కాదు.

ఆవిడ కుర్చీ జరుపుకుని, ఎప్పటిలాగే ఆయన ఎడమచెవి దగ్గరికి వచ్చి, "బాబాయ్," అంది.

పదమూడు రోజులు దుకాణం మూసి ఉంది. పద్నాలుగో రోజు ఆవిడ ఫ్యాను ఆపి, హెడ్‌ఫోను దిండ్లు తుడిచి, తన కుర్చీలో కాక ఆ కుర్చీలో కూర్చుంది. తొమ్మిదో ఫైలు తెరిచి, మోతని వెతికి పట్టుకుని, భాగించింది. తప్పు వచ్చింది. మళ్ళీ భాగించింది. ఇంకోసారి కూడా చూసుకుంది.

తొమ్మిదో కవరు ఆయన వదిలిన చోటే, చల్లారిన టీ గ్లాసు గుండ్రటి మరక పక్కన ఉంది. దాని చీటీ మీద కింది మూడు గీతలూ పెన్సిలుతో, కుడివైపుకి వాలిన అక్షరాలు. ఆయన ఖాళీగా వదిలిన పై గీత మీద ఇప్పుడు నీలం పెన్నుతో, నిటారుగా: సెకనుకి ముప్పై రెండువేలు.